అరువు తెచ్చుకున్న దృశ్యం

తైలవర్ణ చిత్రం పూర్తయిన తరువాత తాను ఏ క్రమంలో తయారైందో దాచుకుంటుంది. నీటిరంగులో కాగితపు తెలుపు చివరిదాకా కిందినుంచి తొంగిచూస్తూనే ఉంటుంది కాబట్టి ఏ పొర ముందు పడిందో, ఏది దాని మీదుగా పారిందో కాస్త అలవాటుపడిన కన్ను పోల్చుకోగలుగుతుంది. నూనెరంగు మాత్రం కింద ఉన్నదాన్ని పూర్తిగా కప్పివేయగలదు, నచ్చకపోతే గీకివేయడానికి లొంగుతుంది, గీకిన చోట మళ్ళీ కొత్త పూతను మోస్తుంది. అందువల్ల ఒక ప్రకృతి దృశ్యచిత్రం ఎదుట ఎంతసేపు నిలబడినా ప్రేక్షకుడికి దక్కేది ఫలితమే. దాన్ని నకలు చేయడానికి కుంచె పట్టినవారికి మొదటి గంటలోనే వేరే రకం ప్రశ్నలు ఎదురవుతాయి: ఆకాశం ముందా చెట్లు ముందా, కొమ్మల సందుల్లో కనిపించే నీలపు ముక్కలు ఆకాశంతోపాటు పడ్డవా లేక ఆకులు వేశాక పైనుంచి పెట్టినవా, దారి మీది నీడ ఆ దారి ఆరిన తరువాత వచ్చిందా, తడిగా ఉండగానే అందులో కలిసిపోయిందా. ఈ ప్రశ్నలకు ఏదో ఒక జవాబు ఊహించుకోనిదే రెండో రంగు కలపడం సాధ్యం కాదు. నకలు చేస్తే చిత్రకారుడి శైలి పట్టుబడుతుందని సాధారణంగా అనుకుంటారు గాని, పట్టుబడేది అంతకన్నా ముందుది, ఒక నిర్ణయం వెంట మరొక నిర్ణయం ఎందుకు వచ్చిందన్న వరుస; శైలి అని పిలిచేది ఆ వరుస ముగిశాక పైకి తేలే అవశేషం.

ఈ వరుసకు సగం కారణం నూనె స్వభావంలోనే ఉంది. నూనెరంగు అంటే రంగుపొడిని అవిసె నూనెలో మెత్తగా నూరిన ముద్ద. నీళ్ళు ఆవిరై నీటిరంగు ఆరినట్టు అవిసె నూనె ఆవిరి కాదు. గాలిలోని ఆక్సిజన్‌ను తీసుకుని, లోలోపలి అణువులు ఒకదానితో ఒకటి ముడిపడుతుండగా, క్రమంగా గట్టి పొరగా మారుతుంది. పైకి ఆరినట్టు కనిపించడానికి రోజులు, లోపలిదాకా గట్టిపడడానికి నెలలు పడతాయి. పైగా అన్ని రంగులదీ ఒకే వేగం కాదు: మాంగనీసు కలిసిన అంబర్ వంటి మట్టిరంగులు త్వరగా ఆరితే, ఎముకల బొగ్గుతో చేసే నలుపు చాలా ఆలస్యం చేస్తుంది. అడుగున నూనె ఎక్కువగా ఉన్న పొర ఇంకా కదులుతుండగానే పైనున్న పలుచని పొర ఆరి బిగుసుకుంటే పగుళ్ళు వస్తాయి కాబట్టి, కింది పొరలను టర్పెంటైన్‌తో పలుచన చేసి, పైకి పోయేకొద్దీ నూనె పాలు పెంచాలన్నది తరతరాలుగా శిష్యులకు చెబుతూ వచ్చిన నియమం. పొరలు ఆరేదాకా ఆగకుండా తడి రంగులోకే తడి రంగు వేసి ఒకే ఊపులో ముగించే పద్ధతి మరొకటి ఉంది. ఆరుబయట ఈజిల్ నిలిపి పనిచేసిన పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారులు, ఎండ ఎవరి కోసమూ ఆగదు కాబట్టి, దాన్నే ఎక్కువగా ఆశ్రయించారు. అమెరికన్ చిత్రకారుడు జాన్ గాఫ్ రాండ్ 1841లో పేటెంటు పొందిన మెత్తని తగరపు ట్యూబు రాకముందు నూరిన రంగును పంది మూత్రాశయంతో చేసిన చిన్న సంచుల్లో కట్టి మోసుకుపోయేవారు. ఆ ట్యూబు లేకపోతే ఆరుబయటి పని అంత తేలికగా సాగేది కాదు.

ఆధునిక దృశ్యచిత్రాన్ని నకలు చేసి నూనెరంగు నేర్చుకోవడానికి చరిత్రలో ఒక చక్కని ఉదాహరణ 1872లో దొరుకుతుంది. ఆ కాలంలో పాల్ సెజాన్ తన మిత్రుడు కమీయ్ పిస్సారో 1871లో వేసిన ‘లూవ్‌సియెన్’ అనే చిత్రాన్ని అరువు తెచ్చుకుని, దాన్ని ఆసాంతం తన కాన్వాసు మీద తిరిగి వేశాడు. సెజాన్ అప్పటికి విద్యార్థి కాడు; 33 ఏళ్ళవాడు, పదేళ్ళకు పైగా చిత్రాలు వేస్తున్నవాడు, పారిస్‌లోని అధికారిక ప్రదర్శన అయిన సలోన్ పదేపదే తిప్పిపంపినవాడు. పిస్సారో అతనికన్నా ఎనిమిదిన్నర ఏళ్ళు పెద్ద, అప్పట్లో డేనిష్ వలసగా ఉన్న కరీబియన్ దీవి సెంట్ థామస్‌లో పుట్టినవాడు. ఇద్దరికీ 1861లో పారిస్‌లోని అకాదెమీ స్విస్‌లో పరిచయమైంది. పేరుకు అకాదెమీయే గాని అక్కడ పాఠం చెప్పేవారెవరూ లేరు, రుసుము కట్టినవారి ఎదుట ఒక మోడల్‌ను నిలబెట్టడంతో ఆ సంస్థ బాధ్యత తీరిపోయేది. ఒక విధంగా చూస్తే, అక్కడ దొరకని పాఠమే పదకొండేళ్ళ తరువాత ఒక అరువు కాన్వాసు రూపంలో సెజాన్ గదికి వచ్చింది.

ఆ కాన్వాసు వెనుక ఒక యుద్ధం కూడా ఉంది. పిస్సారో పారిస్‌కు పడమరగా ఉన్న లూవ్‌సియెన్ గ్రామంలో కాపురముంటుండగా 1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం వచ్చింది; కుటుంబంతో లండన్ చేరుకున్న అతని ఇంట్లో ప్రష్యన్ సైనికులు మకాం వేశారు, అక్కడ వదిలివెళ్ళిన చిత్రాల్లో అధికభాగం పాడైపోయాయి. 1871లో తిరిగి వచ్చాక అతను మళ్ళీ అదే ఊరిని వేయడం మొదలుపెట్టాడు. సెజాన్ తెచ్చుకున్నది ఆ రోజుల నాటి చిత్రమే: ఊరి దారి, ఇళ్ళు, చెట్లు, దారి మీద నడిచిపోతున్న ఒక స్త్రీ, ఆమెతోపాటు ఒక బిడ్డ. కథ అంటూ ఏమీ లేని దృశ్యం. నేర్చుకోదలచినవారికి ఇదొక సౌకర్యం, ఎందుకంటే పురాణగాథో చారిత్రక ఘట్టమో ఉన్న చిత్రాన్ని నకలు చేస్తే ముఖాలు, భంగిమలు, హావభావాలు దృష్టిని లాగేసుకుంటాయి. ఊరి దారిని నకలు చేసేటప్పుడు మాత్రం చేతికి రంగు తప్ప మరో ఆధారం ఉండదు.

సెజాన్‌కు ఆ పాఠం ఎందుకు అవసరమైందో అతని అంతకు ముందటి పని చూస్తే తెలుస్తుంది. 1866లో తన మేనమామ దొమినిక్‌ను మోడల్‌గా కూర్చోబెట్టి అతను వేసిన చిత్రాల్లో కుంచె దాదాపు కనిపించదు; రంగు కలపడానికి వాడే పల్చని పాలెట్ నైఫ్‌తోనే రంగును గోడకు సున్నం పెట్టినట్టు పూశాడు, వెలుగుకూ నీడకూ మధ్య నలుపుతో తెగ్గొట్టాడు. వాటి బలం నేటికీ తగ్గలేదు. అయితే ఆ పద్ధతి గదిలో కూర్చున్న మనిషికి సరిపోయినట్టు ఎండలో ఉన్న కొండకు సరిపోదు, ఎందుకంటే ఆరుబయట నీడలోకి కూడా ఆకాశపు వెలుగు వచ్చి పడుతూనే ఉంటుంది, నల్లరంగుతో వేసిన నీడ అక్కడ దృశ్యంలో బొక్క పడ్డట్టు కనిపిస్తుంది. పిస్సారో అతనికి ఇచ్చాడని చెప్పే సలహా ఈ సంకటానికి సూటిగా తగిలేదే: ఎరుపు, పసుపు, నీలం అనే మూడు మూలరంగులతోనూ వాటి నుంచి నేరుగా పుట్టే రంగులతోనూ మాత్రమే పనిచేయాలి, నలుపునూ గోధుమ మట్టిరంగులనూ బిటుమెన్‌నూ పక్కన పెట్టాలి. బిటుమెన్ అనేది తారు జాతికి చెందిన ముదురు గోధుమ పదార్థం. వేసినప్పుడు వెచ్చగా, లోతుగా కనిపించి, ఎన్నేళ్ళైనా సరిగా ఆరక, చివరికి మొసలి చర్మంలా పగిలిపోవడం దాని గుణం. ఆ శతాబ్దపు చిత్రాలు ఎన్నో దానివల్లే పాడయ్యాయి.

సలహా వినడం వేరు, దాని ప్రకారం ఒక చదరపు అడుగు నింపడం వేరు. ‘నీడ నల్లగా ఉండదు’ అన్న మాట విన్నవాడు నీడను నీలంగా వేస్తాడు, వేసిన నీలం నేల మీద పరుచుకోకుండా సిరా ఒలికినట్టు విడిగా నిలబడుతుంది; లోపం ఎక్కడుందో అతనికి అర్థం కాదు. ఇక్కడే నకలుకు పని పడుతుంది. పిస్సారో చిత్రంలోని నీడకు సరిపోయే రంగును పాలెట్ మీద కలిపి, నైఫ్ కొసన కొంచెం తీసుకుని మూలచిత్రం పక్కన పట్టి చూసినప్పుడు, తేడా రంగులో కాక టోన్‌లో ఉందని బయటపడుతుంది. టోన్ అంటే ఒక రంగు ఎంత వెలుగుగా ఉంది, ఎంత చీకటిగా ఉంది అన్న స్థాయి. పసుపుకూ నీలానికీ ఒకే టోన్ ఉండవచ్చు, కళ్ళు సగం మూసి చూస్తే అవి రెండూ ఒకే బూడిదరంగులోకి కలిసిపోతాయి. ఆరుబయటి దృశ్యంలో నీడ అనుకున్నంత చీకటిగా ఉండదు, ఎండ అనుకున్నంత తెల్లగా ఉండదు. ఆ ఇరుకైన పరిధిలో రంగు చల్లదనం నుంచి వెచ్చదనంలోకి మారడమే వెలుగును పుట్టిస్తుంది. చల్లని రంగులంటే నీలం వైపు మొగ్గేవి, వెచ్చనివంటే పసుపు, నారింజ వైపు మొగ్గేవి. ఈ సంగతిని ఒక వాక్యంలో చెప్పవచ్చు, చేతికి తెలియడానికి మాత్రం ఒక కాన్వాసు పడుతుంది. ప్రకృతి ఎదుట నేరుగా కూర్చుంటే ఇది తెలియదా అంటే, తెలుస్తుంది గాని ఆలస్యంగా తెలుస్తుంది. అక్కడ మబ్బు కదులుతుంది, నీడ జరుగుతుంది, తప్పు కన్నుదో చేతిదో వాతావరణానిదో తేల్చుకునే వీలుండదు. నకలులో ఎదురుగా ఉన్నది కదలదు కాబట్టి తప్పు జరిగితే అది ఎక్కడిదో నిలబడి వెతకవచ్చు.

సెజాన్ నకలు గురించి కళాచరిత్రకారులు తరచు గమనించేది అందులోని సరళత: చిన్న వివరాలు తగ్గాయి, వెలుగునీడల అంచులు గట్టిపడ్డాయి, కుంచె ముద్రలు పెద్దవయ్యాయి. దాన్ని అతని స్వభావానికి, రాబోయే గొప్పతనానికి గుర్తుగా చెప్పడం ఆనవాయితీ. ఆ మాటలో నిజం ఉన్నా, కొలతలను కూడా కాస్త పట్టించుకోవాలి. పిస్సారో చిత్రం ఎత్తు సుమారు 90 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 116. సెజాన్ నకలు 73, 92. ఫ్రాన్సులో అమ్మే సిద్ధపు కాన్వాసులకు అంకెలతో పేర్లుంటాయి, ఈ రెండు కొలతలూ సుమారుగా 50వ నంబరుకూ 30వ నంబరుకూ సరిపోతాయి. విస్తీర్ణంలో చూస్తే నకలు మూలంలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువే. కాన్వాసు చిన్నదైనా కుంచె చిన్నది కాకపోతే ప్రతి ముద్రా దృశ్యంలో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అక్కడ పది ముద్రలతో చెప్పినదాన్ని ఇక్కడ ఆరేడింటితో చెప్పాలి, మిగిలిన మూడు నాలుగింటిలో ఏవి వదిలేయాలో ఎంచుకోవాలి. అలా ఎంచుకోవలసి రావడమే నకలులోని అతి విలువైన భాగం. సరిగ్గా అదే కొలతలో, గళ్ళు గీసి, గడి గడికీ సరిచూసుకుంటూ చేసే నకలులో వదిలేయవలసింది ఏమీ ఉండదు కాబట్టి ఆలోచించవలసింది కూడా తక్కువే. పలక మీద గురువు రాసిన అక్షరాన్ని దిద్దే పిల్లవాడి వేలికి మలుపు అలవాటవుతుంది గాని, ఆ అక్షరం పక్కన మరో అక్షరం ఎంత దూరంలో రాయాలో అలవాటు కాదు.

మిగిలిన తేడా మాత్రం నిజంగానే స్వభావానిది. పిస్సారో పెద్ద కొడుకు ల్యూసియన్ తరువాతి కాలంలో గుర్తుచేసుకున్న ఒక సంగతి దీనికి సరిపోతుంది: పొలాల్లో ఇద్దరూ పనిచేస్తుండగా చూసిన ఒక రైతు, పిస్సారో కుంచెతో పొడుస్తున్నాడని, సెజాన్ మెత్తుతున్నాడని అన్నాడట. పిస్సారో బృందపు కళోద్యమమైన ఇంప్రెషనిజం మీద వచ్చిన వేలాది పుటల్లో ఇంత కచ్చితమైన విమర్శ తక్కువ. సెజాన్ తన భాగస్వామి ఒర్తాన్స్ ఫికేతోనూ, 1872 జనవరిలో పుట్టిన కొడుకుతోనూ పిస్సారో ఉంటున్న పొంత్వాజ్‌కు, ఆ పైన దగ్గరలోని ఓవేర్‌కు చేరాడు. అక్కడే 1873లో అతను ‘ఉరి వేసుకున్నవాడి ఇల్లు’ అన్న చిత్రం వేసి, మరుసటి ఏడు ఇంప్రెషనిస్టుల మొదటి ప్రదర్శనలో పెట్టాడు. ఇప్పుడది పారిస్‌లోని ఓర్సే మ్యూజియంలో ఉంది. అందులోని లేత పసుపు, పచ్చ, నీలం పిస్సారో దగ్గర నేర్చినవి. రంగు పొర మాత్రం గరుకుగా, దట్టంగా, పొర మీద పొరగా పేరుకుని, మళ్ళీ పాత మెత్తుడే కనిపిస్తుంది. అతను పాలెట్‌ను మార్చుకున్నాడు, చేతిని మార్చుకోలేదు. నకలు పూర్తయి ఏడాది గడిచేసరికే ఈ సంగతి ఇంత స్పష్టంగా కనిపించడం ఆ పాఠం పారిందనడానికి గట్టి సాక్ష్యం.

ఈ ఉదాహరణలో ఒక చమత్కారం దాగి ఉంది. మ్యూజియంలను కళకు శ్మశానాలుగా భావించి వాటిని తగలబెట్టాలని పిస్సారో అనేవాడు. తన మరణానికి కొన్ని వారాల ముందు, 1906 సెప్టెంబరులో, కొడుకుకు రాసిన ఉత్తరంలో సెజాన్ ఆ మాటను గుర్తుచేసుకుని, పిస్సారో అన్నది తప్పు కాదుగాని కాస్త దూరం వెళ్ళాడన్న అర్థంలో రాశాడు. పాతవారిని చూసి వేయడం మీద అంత విముఖత ఉన్న మనిషి తన చిత్రాన్ని నకలు కోసం మిత్రుడికి అప్పగించాడు. సెజాన్ మాత్రం మ్యూజియం విషయంలో ఎన్నడూ పూర్తిగా మిత్రుడి పక్షం చేరలేదు. 1860లలోనే లూవ్ర్ మ్యూజియంలో నకలు చేసుకునే అనుమతి పొందాడు, డెలాక్రొవా చిత్రాన్ని నూనెరంగులో నకలు చేశాడు, అక్కడి శిల్పాలను జీవితాంతం పెన్సిలుతో గీస్తూనే ఉన్నాడు. చిత్రవ్యాపారి ఆంబ్రోజ్ వోలార్ తన రూపచిత్రం కోసం 1899లో అతని ఎదుట 115 సార్లు కూర్చున్నానని రాసుకున్నాడు. చేతి మీద రంగు పడని రెండు చిన్న మచ్చలు మిగిలిపోయాయని అతను చూపించినప్పుడు, మధ్యాహ్నం లూవ్ర్‌లో చేసే అభ్యాసం బాగా సాగితే రేపు వాటికి తగిన టోన్ దొరకవచ్చునని సెజాన్ జవాబిచ్చాడట. వోలార్ కథలు రుచిగా చెప్పేవాడు కాబట్టి అంకెను అక్షరాలా నమ్మనక్కరలేదు. అయినా అరవై ఏళ్ళ చిత్రకారుడు సజీవంగా ఎదుట కూర్చున్న మనిషి చేతి రంగు కోసం శతాబ్దాల నాటి కళాఖండాలను నకలు చేయడానికి వెళ్ళడం, నకలు అనేది తొలిమెట్టు మాత్రమేనన్న అభిప్రాయాన్ని నిలవనివ్వదు.

లూవ్ర్‌లో ఆ ఆచారం ఇప్పటికీ సాగుతోంది. నకలు కొలత మూలంకన్నా అయిదో వంతు పెద్దదో చిన్నదో అయి ఉండాలని, మూలంలోని సంతకాన్ని తిరిగి వేయకూడదని అక్కడి నిబంధన. ఉద్దేశం మోసాన్ని అరికట్టడమే. సెజాన్ ఇంట్లో కూర్చుని చేసిన నకలు ఎవరూ అడగకుండానే సుమారుగా ఆ నిష్పత్తికే రావడం యాదృచ్ఛికం. నకిలీకీ నకలుకూ మధ్య గీతను ఆ నిబంధన కొలతతోనూ సంతకంతోనూ గీసినా, చేతిపని దృష్టితో చూస్తే మరో తేడా ఉంది: నకిలీ చేసేవాడికి తేడా కనిపించకపోవడమే విజయం, నేర్చుకునేవాడికి మాత్రం తేడా కనిపించడమే లాభం.

అయితే మూలచిత్రం అరువు దొరికే అదృష్టం ఎందరికి ఉంటుంది? విన్సెంట్ వాన్ గో 1889, 1890లలో సాఁ-రెమీ చికిత్సాలయంలో ఉన్నప్పుడు ఫ్రెంచి చిత్రకారుడు మిల్లే చిత్రాలకు అతని దగ్గర ఉన్నవి నలుపు తెలుపు అచ్చులు మాత్రమే. వాటిని చూసి ఇరవై దాకా తైలవర్ణ చిత్రాలు వేసి, వెలుగునీడల్లో ఉన్నదాన్ని రంగుల భాషలోకి మారుస్తున్నానన్న భావంతో తమ్ముడికి ఉత్తరాలు రాశాడు. అంటే వరుస, పొర, రంగు అన్నీ అతను సొంతంగా కల్పించుకోవలసిందే. మిల్లే నుంచి అందినవి అమరిక, భంగిమ. అంతకు రెండేళ్ళ ముందు పారిస్‌లో జపాన్ చిత్రకారుడు హిరోషిగే అచ్చుచిత్రాలను నకలు చేసినప్పుడు, గళ్ళు గీసి జాగ్రత్తగా బొమ్మను పెద్దది చేసుకుని, చుట్టూ అంచుల్లో వేరే అచ్చుల నుంచి తీసిన జపాను అక్షరాలను వాటి అర్థం తెలియకుండానే నింపాడు. ఆ చిత్రాల్లో అందంగా కనిపించే ఆ అంచులు నకలుకు ఉన్న ఒక ప్రమాదాన్ని, అర్థం తెలియకుండా ఆకారాన్ని మాత్రమే దించడాన్ని, కూడా చూపిస్తాయి.

తెలుగునాట నూనెరంగు నేర్చుకునేవారికి వాన్ గో పరిస్థితే వర్తిస్తుంది. సెజాన్, పిస్సారోల చిత్రాలు పారిస్, లండన్, న్యూయార్క్, ఫిలడెల్ఫియాల్లో ఉన్నాయి. విజయవాడలోనో వరంగల్‌లోనో చేతికి దొరికేది పుస్తకంలోని అచ్చు లేదా ఫోను తెర. అచ్చు నాలుగు సిరాలతో రంగులన్నింటినీ అనుకరిస్తుంది కాబట్టి కోబాల్ట్ నీలానికీ అల్ట్రామెరైన్ నీలానికీ మధ్య ఉన్న తేడా అందులో దాదాపు చెరిగిపోతుంది. తెర తనే వెలుగుతుంది కాబట్టి టోన్‌ను తప్పుగా చూపిస్తుంది. రెండింటిలోనూ రంగు మందం పోతుంది, కొలత పోతుంది. ఇన్ని పోయాక మిగిలినదాన్ని అచ్చుకు అచ్చుగా దించాలని తంటాలు పడడంకన్నా, ముందుగా అచ్చులో స్పష్టంగా కనిపించే అయిదారు పెద్ద రంగు రాశులను మాత్రమే చిన్న బోర్డు మీద సరిచూసుకోవడం, ఆ తరువాత ఏదో ఒక మూల, ఒక చెట్టో ఒక ఇంటి గోడో, మూలచిత్రంలో ఉండే కొలతకు పెంచి వేసి చూడడం ఎక్కువ ఫలితమిస్తుంది. నూనెరంగు పొర నిజంగా ఎలా ఉంటుందో, పక్కనుంచి వెలుగు పడితే కుంచె గీతలు ఎలా మెరుస్తాయో తెలియాలంటే హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఐరోపా చిత్రాల గదిలో కాసేపు నిలబడవచ్చు. అక్కడ చూడబోయేది ఏ చిత్రకారుణ్ణి అన్నది రెండో సంగతి, పదార్థాన్ని కళ్ళారా చూడడం ముఖ్యం.

ఇక సెజాన్‌నే నకలు చేయబోయేవారికి ఎదురయ్యే చిక్కు వేరు. అతని సొంత ఊరైన ఏక్స్ పట్టణం దగ్గరి సాంత్ విక్త్వార్ కొండ ఎత్తు 1,011 మీటర్లు. ఊరి ఉత్తరాన లే లోవ్ గుట్ట మీద 1902 నుంచి వాడుకున్న స్టూడియోకు కాస్త పైనుంచి అతను ఆ కొండను మళ్ళీ మళ్ళీ వేశాడు. ఆ చిత్రాల్లో దూరాన్ని చూపించడానికి దారులు కుంచించుకుపోవు, రేఖలు ఒక బిందువు వద్ద కలవవు; పచ్చ, గోధుమ, నీలం పట్టీలు ఒకదాని పక్కన ఒకటి పడుతూ, కొన్ని చోట్ల తెల్ల కాన్వాసు ఖాళీగా మిగిలిపోతూ, దూరమంతా రంగు చల్లబడడంలోనే తెలుస్తుంది. రూపాన్ని వెలుగునీడలతో గుండ్రంగా తీర్చడం ఒక పద్ధతి, ఒక రంగు నుంచి పక్క రంగుకు మెల్లగా మారుస్తూ తీర్చడం మరొక పద్ధతి. రెండోదాన్నే అతను కోరుకున్నాడని అతన్ని దగ్గరగా చూసిన యువ చిత్రకారుడు ఎమీల్ బెర్నార్ రాశాడు. ఇంత తెరిచి ఉన్న పద్ధతి నకలుకు సులువని అనిపిస్తుంది. ప్రతి పట్టీ విడిగా కనిపిస్తుంది కదా, లెక్కపెట్టి పెట్టేయవచ్చు. కాని అతను ప్రతి పట్టీనీ పక్కనున్నదాన్ని చూసి, ఎదుటి కొండను చూసి, రెండింటికీ మధ్య ఎంతో సేపు తటపటాయించి పెట్టాడు. నకలులో ఆ తటపటాయింపు ఉండదు, జవాబు ముందే రాసి ఉంటుంది. ఇరవయ్యో శతాబ్దంలో కళాశాలల్లో, ప్రదర్శనల్లో కనిపించిన సెజాన్ తరహా దృశ్యాలు ఎన్నో చదరపు ముక్కల అలంకరణగా తేలిపోవడానికి కారణం ఇదే కావచ్చు. కుంచెను తప్పుపట్టనక్కరలేదు, పట్టీల ఆకారాన్ని తీసుకుని, ఒక పట్టీకీ పక్క పట్టీకీ టోన్‌లో ఎంత తేడా ఉండాలన్న లెక్కను వదిలేశారు. పిస్సారో చిత్రం ముందు సెజాన్ చేసినది దీనికి తలకిందులు: ముద్రల ఆకారాన్ని, పొడిచే కుంచెను వదిలేసి లెక్కను తీసుకున్నాడు.

పిస్సారో 1903లో చనిపోయాడు. 1906లో ఏక్స్‌లో జరిగిన ఒక ప్రదర్శన పట్టికలో సెజాన్ తన పేరు పక్కన పిస్సారో శిష్యుడినని రాయించుకున్నాడు. అప్పటికి యువ చిత్రకారులు అతన్నే గురువుగా చూస్తున్నారు. ఆ శిష్యుడి పాలెట్ మీద ఏముండేదో బెర్నార్ 1904లో ఏక్స్ వెళ్ళినప్పుడు చూసి రాసిపెట్టాడు: అయిదు పసుపులు, ఆరు ఎరుపులు, మూడు పచ్చలు, మూడు నీలాలు, ఒక నలుపు. ఆ పసుపుల్లో మట్టిరంగులైన ఓకర్, పచ్చి సియెన్నా ఉన్నాయి, ఎరుపుల్లో ఎర్ర ఓకర్, కాల్చిన సియెన్నా ఉన్నాయి, నలుపు పీచ్ గింజల బొగ్గుతో చేసినది. గురువు పక్కన పెట్టమన్నాడని చెప్పే రంగుల్లో బిటుమెన్ ఒక్కటే తిరిగి రాలేదు. మూలరంగుల నియమాన్ని ముప్ఫై ఏళ్ళ కిందట ఒక కాన్వాసు మీద పాటించి చూసిన మనిషికి ఆ మట్టిరంగులు ఇప్పుడు నీడను నల్లబరిచే అడ్డదారిగా కాక, నీలం పక్కన పెడితే వెచ్చగా పలికే టోన్‌లుగా పనికివచ్చాయి. ఈ జాబితా నేటి పుస్తకాల్లో తేలికగా దొరుకుతుంది, అందులోని రంగులు లేదా వాటికి బదులు వచ్చినవి చాలావరకు దుకాణాల్లోనూ దొరుకుతాయి. మొదటి దృశ్యాన్ని నకలు చేయబోయేవారు మాత్రం ఆ పద్దెనిమిదీ ఒకేసారి కొనకుండా, ఒక పసుపు, ఒక ఎరుపు, రెండు నీలాలు, ఒక పెద్ద తెలుపు ట్యూబుతో మొదలుపెట్టి, నలుపును కొన్నాళ్ళు కొట్లోనే ఉంచడం మంచిది.